నిండని ముప్పై ఏళ్లు

కొన్నేళ్లుగా ఒక అన్యాయాన్ని లోపల దాచుకుని తిరుగుతున్నాను. మీకు చెబుతున్నది జాలిపడమని కాదు. నా మీద నాకే ఒళ్లు మండుతోంది. ఇంక లోపల పట్టడం లేదు.

సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో, ఉద్యోగాలకొచ్చే దరఖాస్తులను కంప్యూటర్లో వడపోయడం నా పని. ముప్పై ఏళ్లు నిండినవాళ్లను తీసేయాలి. పుట్టిన తేదీకీ ఆ రోజు తేదీకీ మధ్య ఎన్నేళ్ల తేడా అని డేటాబేస్‌ను ఒక్క లైనులో అడిగాను. పాకాల నుంచి దరఖాస్తు పెట్టిన రేవతి పేరు ఎగిరిపోయింది. డిప్లొమా చదివింది, మంచి మార్కులు.

వయసు మించిందన్న మెసేజ్ చూసుకుని మర్నాడు ఆమె, వాళ్ల నాయన రైళ్లు మారి వచ్చారు.

"డిసెంబరుకు గదా సార్ నాకు ముప్పై నిండేది? ఇంకా నెలలుండాయి. ఒక్కసారి సూడండి," అంది.

"కంప్యూటర్ లెక్క తప్పదమ్మా," అన్నాను తలెత్తకుండానే.

"నా బిడ్డ ఎప్పుడు పుట్టిందో నీ మిషను నాకు సెప్పల్నా అప్పా?" అని పెద్దాయన అరిచాడు. సెక్యూరిటీని పిలిచి ఇద్దరినీ బయటికి పంపించాను. అవును, నేనే.

వాళ్లు వెళ్లాక పరీక్షించి చూశాను. డిసెంబరు ఆఖరి రోజున పుట్టిన బిడ్డకు మర్నాటికి వయసెంతని అడిగితే, ఒక ఏడాది అంది! నేను వాడిన ఫంక్షన్ నిండిన ఏళ్లను లెక్కపెట్టదు. మధ్యలో సంవత్సరం ఎన్నిసార్లు మారిందో చెబుతుంది, అంతే. పుట్టినరోజు దాటిందా లేదా అన్నది మనమే విడిగా చూసుకోవాలి. నేను చూడలేదు.

అప్పటికింకా ఎవరికీ ఉద్యోగపు ఆర్డర్లు వెళ్లలేదు. మేనేజరుది పక్క గదే. ఎందుకు చెప్పలేదు? భయమా? కాదు, పొగరు. పని తొందరగా ముగించానని పొద్దునే ఆయన నన్ను అందరి ముందూ మెచ్చుకున్నాడు, ఆ మెప్పు ఎక్కడ పోతుందోనని నోరు మూసుకున్నాను. తర్వాతి విడతకు ఆ లైను గుట్టుగా సరిచేశాను. అప్పటికి రేవతికి నిజంగానే ముప్పై నిండాయి. ఎంత సిగ్గుమాలిన పని!

మొన్న బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి వేరే పనిమీద వెళ్లాను. సీజను కూలీల మధ్య కాయలు కడుగుతూ ఆమె కనిపించింది. గుర్తుపట్టింది.

"బాగుండారా సార్?"

తిట్టినా బాగుండేది. నాయన ఎలా ఉన్నాడని అడిగాను.

"పోయినాడు సార్. కడదాకా మీ ఆఫీసును తిడతానే ఉండినాడు," అని నవ్వింది.

అప్పుడూ చెప్పలేదు.

ఆయన తిట్టాల్సింది ఆఫీసును కాదు, నన్ను. తప్పు నాది. ఈ మాట బయటికి అనడం ఇదే మొదటిసారి. గుండె కొంచెం తేలికైంది. ఆ తేలికదనం మీద కూడా కోపమే వస్తోంది.