పచ్చరంగు కింద పగులు

కోయకుండా, విరగ్గొట్టకుండా వస్తువు లోపలి పగులు కనిపెట్టడం నా ఉద్యోగం. బెజవాడలో మావాళ్ళు దాన్ని ట్యాంకులు తట్టే ఉద్యోగం అనేవారు. తప్పేముంది, తట్టేవాణ్ణే.

కంకిపాడు దాటాక ఒక చిన్న ఫ్యాక్టరీలో యాసిడ్ నిలవచేసే ఫైబర్ ట్యాంకు ఉండేది. గాజునార పొరల్ని జిగురుతో అతికించి చేస్తారు దాన్ని. పగులు పైకి కనపడదు, పొరల మధ్య పాకుతుంది. నెలనెలా వెళ్ళి, మిషను ఆనించి చూసి, పగులు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ మార్కరుతో గీత గీసి తేదీ వేసేవాణ్ణి. పుస్తకంలోనూ ఎక్కించాలి. ట్యాంకు మీద ఉంది కదా అని బద్ధకించాను.

చివరి రెండు గీతల మధ్య జానెడు దూరం వచ్చింది. ట్యాంకు కిందే నిలబడి వాల్వు తిప్పే ఆపరేటరు, "ఇంకెన్నాళ్ళుంటదండీ ఇది?" అని అడిగాడు. మేనేజరుగారికి చెప్పాను.

"దసరా వెళ్ళనివ్వండి సార్, రిపోర్టు అప్పుడిద్దురుగాని" అన్నాడాయన. సరేనన్నాను. నా బుద్ధి గడ్డి తింది.

ఆయుధపూజ మర్నాడు వెళితే ట్యాంకు పెళ్ళికూతురిలా ఉంది. కొత్త పచ్చరంగు, పసుపు, కుంకుమబొట్లు, బంతిపూల దండ. గీతలు లేవు.

"నా గీతలేవయ్యా?" అని అరిచాను.

"నేనేనండీ, గరుకు కాగితం పెట్టి మూడ్రోజులు రుద్దా. నున్నగా వచ్చింది కదండీ?" అన్నాడు ఆపరేటరు, సంబరంగా.

మేనేజరు నవ్వాడు. "పండగపూట మురికి ఉంచుకుంటామా సార్? అయినా పగులు పెరుగుతోందని రుజువేముంది? పాతదే అయ్యుంటుంది లెండి."

పగులు ఉందని చూపించగలను, పెరుగుతోందని చూపించలేను. ఛీ, కనీసం గొడవపడి ట్యాంకు ఖాళీ చేయించాల్సింది. ఆయన పెట్టిన పులిహోర తిని, మళ్ళీ మొదటి గీత గీసి వచ్చేశాను.

రెండో గీత గీసే అవసరం రాలేదు. ఆ నెలలోనే ట్యాంకు పగిలి యాసిడ్ ఆపరేటరు మొహం మీద పడింది.

ఆసుపత్రికి వెళ్ళాను. రెండు కళ్ళకీ కట్లు. మంచం పక్కన నిలబడ్డ అతని భార్య నన్ను నిలదీసింది. "అన్నయ్యగారూ, నెలనెలా చూసేది మీరే కదండీ? మరి ఈయన్ని అక్కడ ఎందుకు నిలబడనిచ్చారండీ?"

నేను నోరు తెరవకముందే అతనే అన్నాడు. "సార్నేమనకే. గీతలు చెరిపింది నేనే కదా. తప్పు నాదే."

కాదని అనలేకపోయాను.