క్రీము పడుతోంది, గొంతు తగ్గించండి

పెద్దమ్మ క్రీము సాస్‌తో పోర్క్ చాప్స్, అంటే పందిమాంసం ముక్కలు, వండే పూట ఇంట్లో ఎవరూ గొంతెత్తకూడదు. ఎత్తితే సాస్ విరిగిపోతుంది. నిమ్మరసం పిండితే పాలు విరిగినట్టు, మనిషి అరుపు తగిలితే పెనంలో క్రీము విరిగి ముక్కలవుతుందని ఆవిడ నమ్మకం. నమ్మకం అంటే మాత్రం ఊరుకునేది కాదు. "నమ్మకం కాదు, ఇది వంట," అనేది.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ చుట్టుపక్కల ఆవిడని మించిన గొంతు ఇంకొకరికి లేదు. రైల్వే స్టేషన్లో అనౌన్సరు. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఏది ఎంత ఆలస్యమో మైకులో చెప్పడమే ఆవిడ ఉద్యోగం. ఒకరోజు మైకు చెడిపోతే గది కిటికీ తెరిచి చెప్పిందట. తేడా ఎవరికీ తెలియలేదట. ఇంట్లో ఉప్పు అందుకోమని ఆవిడ అడిగితే పక్కింట్లో ఎవరో ఉప్పు అందుకునేవారు.

ఈవిడ పిచ్చుక వాళ్ళమ్మకి అక్క. పిచ్చుక అన్నది ముద్దుపేరు. చిన్నప్పుడు వినపడీ వినపడకుండా మాట్లాడేదని పెద్దమ్మే పెట్టింది. ఇప్పుడామె కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు సానబట్టే పని చేస్తూ, రెండు గదుల వాటాలో ఒక్కతే ఉంటోంది. సాయంత్రం ఇంటికొచ్చి దీపం వేయగానే ఆమె మనసు ఆ పాత మంగళవారాల మీదికి పోతుంది. ఎంత తోసేసినా గుమ్మం దగ్గర పిల్లిలా మళ్ళీ వచ్చి కూర్చుంటాయి.

ప్రతి మంగళవారం డ్యూటీ దిగగానే పెద్దమ్మ, పిచ్చుక వాళ్ళింటికి వచ్చేది. చంకలో మాంసం కొట్టువాడు కాగితంలో చుట్టిచ్చిన పొట్లం, సంచిలో క్రీము డబ్బా. ముక్కల్ని గుడ్డతో ఒత్తి తడి లేకుండా చేసి, ఉప్పూ మిరియాలపొడీ రాసి, బాగా కాలిన పెనం మీద వేసేది. వేశాక వాటిని ముట్టుకోనిచ్చేది కాదు.

"తిప్పనా పెద్దమ్మా?"

"నువ్వు తిప్పడమేమిటే. అదే పెనాన్ని వదులుతుంది. వదిలినప్పుడు తిప్పు. అంతవరకూ దాని జోలికి వెళ్ళకు."

ఎర్రగా కాలిన ముక్కల్ని పళ్ళెంలోకి తీసి, ఆ కొవ్వులోనే ఉల్లిపాయలూ పుట్టగొడుగులూ వేయించి, కాసిని నీళ్ళు పోసి, అడుగంటినదంతా చెక్క గరిటెతో గీకి కలిపేది. అందాకా ఇంట్లో ఎంత గోల ఉన్నా ఆవిడకి పట్టేది కాదు. తర్వాత మంట తగ్గించి, డబ్బా మూత తీసి, మెడ నిటారుగా నిలిపి స్టేషను గొంతుతో చెప్పేది.

"దయచేసి గమనించండి. క్రీము పడుతోంది."

ఆ రాత్రికి ఇంట్లో అదే ఆఖరి పెద్దమాట.

ఇక చూడాలి ఆ ఇల్లు. చెప్పులు గుమ్మం బయటికి పోయేవి. కుళాయి కింద గుడ్డ పడేది, చుక్క పడితే చప్పుడని. నాన్నకి తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని మెట్లు దిగి, వీధిలోకి పోయి తుమ్మి వచ్చేవాడు. పైవాటాలో పెళ్ళిళ్ళకి బాకా ఊదే ఆయన ఒకడుండేవాడు. పాపం సాధన మొదలుపెట్టాడో లేదో, పెద్దమ్మ చెక్క గరిటెతో సహా పైకెళ్ళి తలుపు తట్టింది.

"బాబూ, కింద సాస్ ఉంది. కాస్త దయ చూడు."

ఆయన బాకా దించేశాడు. మర్నాడు మెట్ల మీద నాన్న కనపడితే, మొహం దిగాలుగా పెట్టి, "సాస్ గారికి ఇప్పుడెలా ఉందండీ?" అని పరామర్శించాడు. నాన్న ఆలోచించి, "రాత్రి గడిచిందండీ," అన్నాడు.

అసలు కష్టం అమ్మానాన్నలది. అమ్మ లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది, నాన్న బేకరీ వ్యాను నడిపేవాడు. ఇద్దరూ విడివిడిగా బంగారం లాంటి మనుషులు. ఒక గదిలో పెడితే ఉప్పూ నిప్పూ. ఆయన కిటికీ తెరిస్తే ఆవిడ మూసేది, ఆవిడ మూస్తే ఆయనకి ఊపిరాడేది కాదు. మిగతా రోజుల్లో వాళ్ళ కేకలకి అల్మరాలో గ్లాసులు కూడా ఒకదాన్నొకటి ఒరుసుకునేవి. మంగళవారం మాత్రం ఆ పోట్లాటంతా గుసగుసల్లో నడవాలి. గుసగుసగా తిడితే అవతలి మనిషికి వినపడదు. వినపడాలంటే దగ్గరికి జరగాలి. తిట్టుకోవడానికి ఇద్దరూ తలలు ఆనించి కూర్చునేవారు.

"నా గొడుగు ఎక్కడ పోగొట్టారు?" అని అమ్మ గొణిగింది ఒకసారి.

"ఏమిటీ?"

"గొడుగు."

"కొడుకా? మనకి కొడుకెక్కడున్నాడు?"

అమ్మ కళ్ళెర్రజేయబోయి, ఆపుకోలేక, నోట్లో తువ్వాలు కుక్కుకుంది. నాన్న భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చప్పుడు లేకుండా నవ్వడం ఎంత కష్టమో ఆ రోజు పిచ్చుక చూసింది. పెద్దమ్మ వెనక్కి తిరక్కుండా గరిటె తిప్పుతూనే ఉంది.

వంటయ్యాకైనా విడుదల ఉందా అంటే, లేదు. భోజనం అయ్యాక నాన్న గొంతు సవరించుకోబోతే పెద్దమ్మ వేలు చూపించింది.

"మరిదిగారూ, ఇప్పుడే తిన్నారు. కడుపులో విరుగుతుంది."

"కడుపులో కూడానా వదినా?"

"మీ ఇష్టం. ఆ తర్వాత నన్ననొద్దు."

పిల్ల నిద్రపోయేదాకా కడుపులో సాస్ విరక్కుండా అందరూ జాగ్రత్తపడేవారు.

తర్వాత పెద్దమ్మని సముద్రం పక్క ఊరి స్టేషనుకి బదిలీ చేశారు. మంగళవారాలు ఆగిపోయాయి. అవి ఆగాక తక్కిన వారం ఎంతోకాలం నిలవలేదు. పిచ్చుక ఉద్యోగంలో చేరేసరికి అమ్మ పాత ఇంట్లో, నాన్న బేకరీ దగ్గర ఒక గదిలో ఉంటున్నారు. పెద్దమ్మ పదవీ విరమణ చేసి ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. నలుగురూ ఎవరి వంట వాళ్ళు చేసుకుని, ఎవరి గిన్నె వాళ్ళు కడుక్కుంటున్నారు.

మొన్నొక మంగళవారం దుకాణం నుంచి వస్తూ పిచ్చుక మాంసం కొట్టు ముందు ఆగింది. ఒక్క మనిషికి ఒక్క ముక్క చాలు. ఒకటి ఇమ్మని అడగబోయి నాలుగు తీసుకుంది.

వండింది. పెద్దమ్మ చెప్పినట్టే ముక్క పెనాన్ని వదిలేదాకా ఆగింది. క్రీము పోసే ముందు ఎవరూ లేకపోయినా, "దయచేసి గమనించండి," అని సన్నగా అంది. సరిగ్గా అప్పుడే కింద వీధిలో రోడ్డు తవ్వే యంత్రం మొదలైంది. కిటికీ అద్దాలు దడదడలాడాయి, పెనం పొయ్యి మీద వణికింది. పిచ్చుక గుండె చేత్తో పట్టుకుని పెనంలోకి తొంగిచూసింది. సాస్ నున్నగా, వెన్నలా, నిమ్మళంగా ఉడుకుతోంది.

ఆమెకు అనుమానమొచ్చింది. పెనం మీదికి వంగి, "ఓయ్," అంది. ఏమీ కాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అరవని పిల్ల, ఊపిరి గట్టిగా పీల్చి వీధి అదిరేలా అరిచింది. కింద యంత్రం ఆగింది. తవ్వే మనిషి పైకి చూశాడు. సాస్ చలించలేదు.

పెద్దమ్మకి ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, అరిచినా విరగలేదే."

"ఏమని అరిచావు?"

"ఊరికే అరిచా."

"ఊరికే అరిస్తే ఎందుకు విరుగుతుందే. కోపంగా అరవాలి."

"పెద్దమ్మా."

"సరేలే. పట్టుకున్నావుగా," అంది పెద్దమ్మ. ఆ గొంతు మైకు గొంతు కాదు. "నువ్వప్పుడు ఇంతుండేదానివి. ఒకసారి మీ అమ్మ నిన్ను స్టేషన్లో నా దగ్గర వదిలి వెళ్ళింది. నేను మైకులో చెప్పగానే అంతమంది జనం ఆ ప్లాట్‌ఫారం నుంచి ఈ ప్లాట్‌ఫారానికి పరిగెత్తడం చూశావు. నా చీరకొంగు పట్టుకుని, పెద్దమ్మా, నువ్వు చెప్తే అందరూ వింటారు కదా, మా ఇంటికొచ్చి కూడా ఒకసారి చెప్పవా అన్నావు."

"నేనా? ఏమని చెప్పమన్నాను?"

"కాసేపు అరుచుకోవద్దని చెప్పమన్నావు. ఊరికే చెప్తే మీ అమ్మ వింటుందా, మీ నాన్న వింటాడా? మొగుడూ పెళ్ళాల మధ్యకి నేనెవరిని వెళ్ళడానికి? పాము చావాలి, కర్ర విరక్కూడదు. అందుకని సాస్ విరుగుతుందన్నాను."

పిచ్చుక పొయ్యి ఆపి గోడకి చేరగిలబడింది. ఆమెకు ఆ రోజు ఏమాత్రం గుర్తులేదు. తను ఒక పెద్దమనిషి కొంగు పట్టుకుని కోరిన కోరికని, ఆ మనిషి ఏళ్ళ తరబడి వారం వారం క్రీము డబ్బాలో పెట్టి తెచ్చిచ్చిందన్నమాట.

"అక్కడెలా ఉంది పెద్దమ్మా?"

"ఎలా ఉంటుంది. ఇంట్లో నోరు మూయించడానికి ఒక్క మనిషి లేడు."

మర్నాడు పిచ్చుక బేకరీకి వెళ్ళి నాన్నకి ఈ సంగతి చెప్పింది. ఆయన రొట్టెల ట్రేలు వ్యానులో సర్దుతూ, "తెలుసు," అన్నాడు.

"ఎలా తెలుసు?"

"ఒకసారి వీధిలోకి పోయే టైము లేక పెనం పక్కనే తుమ్మాను. ఏమీ కాలేదు."

"మరి చెప్పలేదేం?"

నాన్న ట్రేని అటూ ఇటూ జరిపాడు. అది సరిగ్గానే ఉంది. "మీ అమ్మ నా పక్కన అంత దగ్గరగా కూర్చునేది ఆ ఒక్కరోజే కదమ్మా," అన్నాడు.

పై మంగళవారం పెద్దమ్మ రైలెక్కి వచ్చింది. అమ్మని భోజనానికి రమ్మంది పిచ్చుక, నాన్ననీ రమ్మంది. ఇద్దరూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పిచ్చుక బల్లకి ఆ చివరొకరూ ఈ చివరొకరూ కూర్చున్నారు. "బాగున్నారా," అంది అమ్మ. "బాగున్నాను. నువ్వు?" అన్నాడు నాన్న. "బాగున్నాను." అంతే. డాక్టరు కోసం కాచుకున్న రోగుల్లా ఇద్దరూ గోడకేసి చూస్తున్నారు. పిచ్చుకకి ఏడుపొచ్చినంత పనైంది.

వంటింట్లో పెద్దమ్మ క్రీము పోసింది. గరిటె తిప్పుతూ బల్లకేసి ఒకసారి చూసింది, మళ్ళీ చూసింది. మెడ నిటారుగా నిలిపింది.

"దయచేసి గమనించండి. సాస్ చిక్కబడటం లేదు."

"అయ్యో, ఎందుకక్కా?" అంది అమ్మ లేచి నిలబడి.

"ఇది వేరే రకం క్రీము. పక్కన మనుషులు మాట్లాడుకోకపోతే నీళ్ళలా ఉండిపోతుంది. గట్టిగా మాట్లాడుకోవాలి."

నాన్న వదినగారికేసి చూశాడు. తర్వాత అమ్మకేసి చూశాడు. గొంతు సవరించుకుని, కుర్చీ కాస్త ఇటు జరుపుకున్నాడు.

"ఆ కిటికీ తీస్తే గాలొస్తుంది," అన్నాడు గట్టిగా.

"వచ్చి దీపం రెపరెపలాడితే బాగుంటుందా?" అంది అమ్మ, అంతకన్నా గట్టిగా.

"దీపమా? అది కరెంటు బల్బు."

"నాకు తెలీదు మరి, మీరు చెప్పాలి."

పిచ్చుక పెనంలోకి తొంగిచూసింది. పెద్దమ్మ భుజంతో ఆమెను పక్కకి నెట్టి, "చిక్కబడుతోంది, పళ్ళేలు పట్రా," అంది.