కాలు నొప్పి కాదు, సైకిల్ సీటు

ఆ రోజు నాది మొదటి షిఫ్టు. మేముండేది హిందీ మాట్లాడే ఊళ్లో. బీర్‌గావ్‌లో మా ఇంటి నుంచి సిల్తారాలోని ప్లాంటు దాకా సైకిల్ తొక్కి, గేటు దగ్గర దిగాను. తొడల మధ్య స్పర్శ లేదు. చెయ్యి మీద పడుకుని లేస్తే చెయ్యి మొద్దుబారుతుంది చూడండి, అలాగ. పది నిమిషాల్లో సర్దుకుంది, నేనూ మర్చిపోయాను. నెల తిరిగేసరికి ఆ తిమ్మిరి గంటయినా వదిలేది కాదు. మూత్రం ఆగి ఆగి రావడం మొదలైంది. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు. నా భయమేమిటో దాచకుండా రాస్తున్నాను: ఇక భర్తగా పనికిరానేమో అని.

నేను ఫిట్టర్‌ని. ఆ సీటు నేను బిగించుకున్నదే. కొత్త గేరు సైకిల్ మీద కూర్చుంటే ముందుకు జారుతున్నట్టు అనిపించేది. మిగిలిపోయిన ఇనుప ముక్కతో సొంతంగా ఒక క్లాంపు చేసి, సీటు వెనక్కి జరిపి, దాని ముక్కు పైకెత్తాను. తోటివాళ్లు మెచ్చుకుంటే మీసం కూడా మెలేశాను.

నా నడక చూసి మా ఆవిడ సుజాత ఏమైందని అడిగింది. కాలు నొప్పి అన్నాను. ఆ అబద్ధం ఇంట్లో ఆగలేదు. మా తెలుగు చర్చిలో ఆరాధన చివర ఎవరి ప్రార్థన మనవులు వాళ్లు చెప్పుకుంటాం. సుజాత లేచి, "మా ఆయన కాలు కోసం ప్రార్థన చెయ్యండి" అంది. ఇక ప్రతి ఆదివారం అందరూ నా కాలు కోసం మోకరించారు. సంఘపెద్ద గారైతే గొంతెత్తి, కన్నీళ్లతో చేసేవారు. రాయిలాంటి నా కాళ్లు చూసుకుని నేను తల దించుకునేవాణ్ణి.

శంకర్ నగర్‌లో డాక్టరుకీ కాలు నొప్పనే చెప్పాను. ఆయన తప్పేముంది, మోకాలికి X-ray తీయించారు. Normal. Painkiller, vitamin injections రాశారు. రోగం ఒక చోట, మందు ఒక చోట. రెండు నెలలు అలా గడిచాయి. కాలికి సుఖంగా ఉంటుందని సుజాత సీటుకి మందపాటి జెల్ కవరు కొని తొడిగింది. ఆ మెత్తదనంలోకి ఇంకా కూరుకుపోయి, మామూలు కుర్చీలో కూర్చున్నా మంట పుట్టేది.

నన్ను పట్టుకున్నది ఎస్తేరమ్మ గారు. రిటైరైన నర్సు, మా చర్చి మనిషే, విజయనగరం వైపు ఆవిడ. ఒక ఆదివారం నన్ను పక్కకి పిలిచారు.

"ఏటి బాబూ, మెట్లు చక్కగా దిగుతన్నావు. బెంచీ మీద మాత్రం ఒక పక్కకి ఒరిగి కూకుంటన్నావు. నొప్పి కాలిదేనా?"

నేను చెప్పులు వెతుక్కోబోయాను.

"ఇన్నేళ్లు వార్డుల్లో చేశాను. నాకు లేని సిగ్గు నీకేటి? ఒంటికి సరిగ్గా వస్తందా?"

అక్కడే ఏడ్చేశాను. అన్నీ చెప్పాను. ఆ సాయంత్రం సుజాతకీ చెప్పాను. "నాతో చెప్పడానిక్కూడా బిడియమేనా?" అంది.

ఎస్తేరమ్మ గారే దగ్గరుండి ఆస్పత్రికి తీసుకెళ్లారు. Urine test, ultrasound, sugar, నడుముకి MRI. చివరికి అక్కడి డాక్టరు గారు, తొడల మధ్యకి వెళ్లే pudendal nerve మీద pressure పడిందన్నారు. "నస్ మరీ నహీ హై, దబీ హై." నరం చావలేదు, నొక్కుకుందంతే. ఆ మాట వినగానే సుజాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత ఆయన, "కల్ సైకిల్ లేకే ఆనా" అన్నారు. రేపు సైకిల్ తెమ్మని! సైకిల్‌ని ఆస్పత్రికా! హాస్యమాడుతున్నారనుకున్నాను.

మర్నాడు పార్కింగులో physiotherapist మేడమ్ నన్ను సైకిల్ ఎక్కించి, గోడ పట్టుకుని కూర్చోమన్నారు. వంగి సీటు కింద చూశారు.

"యే కిస్‌నే లగాయా?" ఇది బిగించిందెవరని.

"మైనే," నేనే అన్నాను.

"ఆప్ కామ్ క్యా కర్తే హై?" ఏం పని చేస్తారని.

"ఫిట్టర్."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. ప్లాంటులో మోటారు బిగిస్తే స్పిరిట్ లెవెల్ పెట్టి వాలు చూడందే బోల్టు తిప్పని నేను, నా సీటు మీద ఒక్కసారీ లెవెల్ పెట్టి చూడలేదు.

ఆరు వారాలు సైకిల్ బంద్ అన్నారు. మాత్రలు, pelvic floor, అంటే కటి కింది కండరాలు వదులయ్యే exercises. నాలుగో వారం కాస్త నయమనిపించి సుజాత చూడకుండా తొక్కాను. తిమ్మిరి మళ్లీ మొదటికొచ్చింది. సంగతి తెలిసి సుజాత సైకిల్ తాళంచెవి తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచింది. మంచి పని చేసింది.

తర్వాత నా క్లాంపు పీకేశాను. మధ్యలో ఖాళీ ఉన్న వెడల్పు సీటు వేయించాను. ముందుకు వంగకుండా హ్యాండిల్ కింద చిన్న పైపు ముక్క పెట్టి ఎత్తు పెంచాను. సీటు మీద లెవెల్ పెట్టి, బుడగ మధ్యకొచ్చాకే బోల్టు బిగించాను. మూడు నెలలకి స్పర్శ పూర్తిగా వచ్చింది. మిగతా భయమూ తీరింది, దేవుడికి స్తోత్రం. ఇప్పుడు మళ్లీ రోజూ సైకిల్ మీదే డ్యూటీకి వెళ్తున్నాను. మధ్య మధ్య పెడల్స్ మీద లేచి నిలబడతాను.

ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాను. "మీరు నా కాలు కోసం ప్రార్థించారు. నొప్పి కాలిది కాదు. సిగ్గుపడి అబద్ధమాడాను. అసలు చోటు దేవుడికి తెలుసు, ఎస్తేరమ్మ గారికి తెలిసిపోయింది." ఆడవాళ్ల వైపు నుంచి ముసిముసి నవ్వులు వినిపించాయి.

అందరూ వెళ్లిపోయాక సంఘపెద్ద గారు నా దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూశారు.

"ఆ డాక్టరు గారి నంబరు కాస్త ఇవ్వు బాబూ. ఈ మధ్య నాకూ కాలు నొప్పిగా ఉంటంది."

నంబరు రాసిచ్చాను. ఆయనకి చెప్పిందే మీకూ చెబుతున్నాను: "డాక్టరు దగ్గర మాత్రం కాలు నొప్పి అని చెప్పకండి."