గంగమ్మని అడగడానికి

దక్షిణాఫ్రికాలో అందరూ కలిసి మొదటిసారి ఓట్లేసిన మరుసటి ఏడాది, నేను మన దేశం నుంచి వచ్చి డర్బన్‌లో ఒక ఆసుపత్రిలో డాక్టరుగా చేరాను. ఉద్యోగం బాగానే ఉన్నా మనసు నిలవలేదు. పూజకు కూర్చుంటే ధ్యాస కుదిరేది కాదు. ఉండాలో, వెళ్లిపోవాలో తేలక పక్కింటి అప్పలమ్మగారిని అడిగాను. ఆవిడ చెరకు తోటల్లో కూలికి వచ్చిన తెలుగువాళ్ల మనవరాలు.

"నాకేం తెల్సు పాపా? గంగమ్మని అడుగు. కమ్, నడు," అంది.

ఏదో గుడికనుకున్నాను. తెల్లవారుతూనే సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లింది. చెప్పులు చేతబట్టుకుని తడి ఇసుకలో నడుస్తూ, "చిన్నప్పుడు ఈ బీచ్ తెల్లోళ్లకే. మనం వస్తే పోలీసు తరిమేవాడు. ఇప్పుడు డైలీ వస్తాను," అంది. ఆ తర్వాత అలల అంచునే నడుస్తూ పోయింది. నడకే ఆవిడ పూజ. నాకూ మెల్లగా గుండె తేలికపడింది.

ఇంతలో పెద్ద అలొకటి వచ్చి ఇద్దర్నీ నడుం దాకా తడిపేసింది. "ఏటే గంగమ్మా, సిగ్గులేదా నీకు!" అని ఆవిడ సముద్రాన్నే తిట్టింది. ఆ తిట్టు అచ్చం మా శ్రీకాకుళం తిట్టే! నాకు నవ్వు ఆగలేదు. ఈ దేశం వచ్చాక అంతగా నవ్వడం అదే మొదలు.

"చెప్పిందా గంగమ్మ?" అంది, కొంగు పిండుకుంటూ.

"చెప్పింది అమ్మమ్మా, ఉండిపోతాను," అన్నాను.