కాకులు తవ్విన పచ్చిక

మా మావయ్య గడ్డి మీద చెవి ఆనించాడంటే చాలు, అడుగున వేరు పురుగు కొరికే కరకర వినపడుతుంది. అది ఏ దవడతో నములుతోందో కూడా చెప్పగలడు. నమ్మకపోతే మీ ఖర్మ.

పందొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో తోటమాలి. ఇంటావిడ ఒకప్పటి హెడ్‌మాస్టరమ్మ. ఆవిడ గుమ్మంలోకొస్తే మొక్కలు కూడా వరసలో నిలబడతాయి. ఎండలకి భయపడి మావయ్య ఆ ఏడాది పచ్చికని రోజూ తడిపాడు. అయినా మచ్చలు మచ్చలుగా పసుపెక్కింది. దాహమనుకుని ఇంకా తడిపాడు. మచ్చలు చాపలంతయ్యాయి.

"ఒకటో తారీకు మేస్త్రీ వస్తాడు. ఇదంతా టైల్స్ వేయించేస్తా," అందావిడ.

టైల్స్‌కి తోటమాలితో ఏం పని? మావయ్య ఓ గుప్పెడు గడ్డి పట్టి లాగాడు. చాప చుట్టినట్టు లేచొచ్చింది. వేళ్లే లేవు. కింద తెల్లటి పురుగులు, సున్నాల్లా ముడుచుకుని. చదరపు అడుగులో పదిహేడు. నేను నూట డెబ్భై అని చెబుతుంటాను.

"ఎండ వల్లేనా?" అడిగిందావిడ.

సాయానికెళ్లిన నేను ఔననమని ఆవిడ వెనక నుంచి మావయ్యకి ఎంత సైగ చేశానో!

"కాదమ్మా, నా తప్పే. తడినేల చూసుకునే పెంకుపురుగులు గుడ్లు పెడతాయి. నేనే తడిపి తడిపి పిలిచా. ఇరవై రోజులు ఆగండి."

"ఇరవయ్యే. ఇరవై ఒకటి కాదు."

ఆ పురుగుల్ని లోపలినుంచి తినేసే, కంటికానని నులిపురుగుల ప్యాకెట్ తెచ్చాడు. ఎండ తగిలితే అవే చస్తాయట. పొద్దు వాలాక నీళ్లలో కలిపి పోశాడు. ఆ తర్వాత రెండ్రోజులకోసారి గడ్డిని మూడు వైపులా కోసి, మూతలా ఎత్తి లెక్కపెట్టడమే పని. పదిహేడు. పదిహేడు. పదహారు. అత్త పెట్టిన కంచం అలాగే ఉండేది.

"ఆ పురుగులకున్న ఆకలి నీకుంటే బాగుణ్ణు," అని అత్త సణిగేది.

పన్నెండో రోజు ఇటుక రంగు తిరిగి చచ్చినవి తొమ్మిది. కానీ గడ్డి వేరు పట్టాలిగా?

ఇరవయ్యో రోజు, సరిగ్గా ఒకటో తారీకున, మేస్త్రీ టేపు లాగుతుంటే, ఆవిడే వంగి పచ్చికని పట్టి లాగింది. రాలేదు. రెండు చేతులా లాగింది. నాలుగు పోచలు తెగి చేతికొచ్చాయంతే.

"టేపు చుట్టెయ్ మేస్త్రీ."

ఆ చెవి సంగతి నేను వీధంతా చాటాను. మావయ్య పైపు చుడుతూ అన్నాడు:

"చెవీ లేదు, గివీ లేదురా. పురుగుల కోసం కాకులు ముక్కులతో తవ్వుతుంటే చూశా. అదీ నెల ఆలస్యంగా."