బావ టానిక్కు అన్న వైను

ఆళ్లగడ్డలో మా అక్కావాళ్లు కొత్తిల్లు కట్టుకున్నారు. నంద్యాలలో నాది బేతంచెర్ల బండల వ్యాపారమని తెలిసి కూడా మా బావ నేలంతా టైల్స్ వేయించాడు. ఆ సంగతి పక్కన పెడుతున్నాను, మరిచిపోయానని కాదు. ఇప్పుడు చెప్పేది వైను సంగతి.

ఆ ఏడాదే చిక్కబళ్లాపురం దగ్గర వైను తయారుచేసే ఒక తోటలో, పీపాలు పెట్టే నేలమాళిగకు మా బండలు పరిపించాను. పని ముగిసిన రోజు అక్కడి పెద్దాయన ఒక ద్రాక్షగుత్తి కోసి నా చేతిలో పెట్టాడు. బెంగళూరు బ్లూ అంటారట. మన ఊళ్లో తోపుడుబండ్ల మీద అమ్మే నల్లద్రాక్షే. నొక్కితే గుజ్జు నోట్లోకి జారిపోతుంది, మందపాటి తోలు చేతిలో మిగులుతుంది. చిన్నప్పుడు ఆ తోలు పారేసేవాళ్లం. ఎర్ర వైనుకు రంగూ వగరూ దాన్నుంచే వస్తాయని ఆయన చెప్పాడు. వచ్చేటప్పుడు ఒక సీసా ఇచ్చాడు. నేను బండలు పరిచిన తోట వైను అది. ఒక్కణ్నే తాగెయ్యబుద్ధి కాలేదు.

గృహప్రవేశం అయ్యాక ఒక ఆదివారం అక్కావాళ్లు బంధువులకు మాంసం భోజనం పెట్టారు. సీసా బావ చేతికిచ్చాను. ఆయన దాన్ని బ్రాందీ లెక్కన స్టీలు గ్లాసుల్లో పోసి, సోడా కలిపి, మిరపకాయ బజ్జీ కొరికి ఒక గుక్క మింగాడు. ముఖం చిట్లించాడు.

"ఏం బామ్మర్దీ, ఈడికొచ్చినోళ్లందరికీ దగ్గుందని ఎవురు చెప్పినారప్పా నీకు? టానిక్కు తెచ్చినావే."

అందరూ నవ్వారు. కొంగు అడ్డం పెట్టుకుని మా అక్క కూడా నవ్వింది. బావ మాట కన్నా ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకుంది. ఆ మాట ఆయన తన నోటితోనే వెనక్కి తీసుకోవాలని ఆ రోజే అనుకున్నాను.

తోట పెద్దాయనకు ఫోన్ చేశాను. కారం తగిలితే వగరు ఎక్కువవుతుందనీ, కొవ్వున్న మాంసం, వేరుశనగ, నువ్వులు అయితే కుదురుతుందనీ చెప్పాడు. ఈ ముక్క సీసా ఇచ్చేటప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆయన మీద కూడా నాకు కొంచెం కోపం ఉంది.

తర్వాత అటువైపు పని పడినప్పుడల్లా ఒక సీసా తెచ్చి ఇంట్లో రుచి చూశాను. బొరుగుల ఉగ్గానితో కుదరలేదు. సంగటి, నాటుకోడి పులుసుతో నాలుక మండింది. తియ్యటి ఓళిగ తిని తాగితే చింతపండు నీళ్లలా తోచింది. చివరికి జొన్నరొట్టె, నువ్వులూ వేరుశనగపప్పూ నూరి కూరిన వంకాయ, మిరియాలతో వండిన పొట్టేలు మాంసం కుదిరాయి. గుక్క దిగాక నల్లద్రాక్ష వాసన నోట్లో నిలిచింది.

"మీ పంతానికి మేము గూడా చప్పిడి కూడు తినాల్నా?" అంది మా ఆవిడ.

కళ్లు చూపించుకోవడానికి బావ నంద్యాల వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనానికి పిలిచాను. సోడా కనబడకుండా దాచాను. ఆయన రొట్టె తుంచుకుంటూ మెల్లగా తాగాడు. ముఖం చిట్లించలేదు.

"ఎట్లుందన్నా?" అని మా ఆవిడ అడిగింది.

"వంకాయ శానా బాగుందమ్మా."

"వైను?" అన్నాను.

"పొయ్యి, ఇంగొంచెం."

అంతే అన్నాడు. బయల్దేరేటప్పుడు మాత్రం సగం మిగిలిన సీసా వైపు చూశాడు. "ఆ టానిక్కు ఇట్లియ్యి, ఇంటికి తీస్కపోతా."

"దాని పేరు చెప్పు బావా, ఇస్తా."

"నీ పంతం నువ్వే తాగు," అని నవ్వి ఆళ్లగడ్డ బస్సుకు వెళ్లిపోయాడు.

మూత తీసిన వైను ఎక్కువ రోజులు నిలవదు. ఆయన అడుగుతాడని నేను ముట్టలేదు, ఆయన అడగలేదు, అది పులిసిపోయింది. పారబోస్తూ మా ఆవిడ అంది: "అడిగి మరీ తాగినాడు గదా, మాట వెనక్కి తీసుకున్నట్టే."

ఆలోచిస్తే ఆమె అన్నదాంట్లో సగం నిజముంది. మిగతా సగం కోసం ఇంకో సీసా తెచ్చి పెట్టాను. మూత తీయలేదు.