ఇడున్ వేషం నాకే కావాలన్నాను

ఇక్కడ అరబ్బు దేశంలో, మఫ్రఖ్‌లోని మా కంపెనీ ఆఫీసులో నేను డ్రాయింగులు చూసే ఇంజినీరుని. కరోనా భయం పోయి మాస్కులు తీసేశాక, ఆఫీసువాళ్లూ సైటువాళ్లూ కలిసి ఒకరోజు సరదాగా గడపాలనుకున్నాం. నాతో పనిచేసే నార్వే ఆవిడ తమ దేశపు పాత కథను నాటకంగా వేద్దామంది.

"ఇడున్ అని మాకో దేవత. యౌవనం, వసంతం ఆవిడవే. ఆవిడ బుట్టలోని ఆపిల్ పళ్లు తింటేనే దేవుళ్లకు ముసలితనం రాదు. ఒక రాక్షసుడు గద్దలా వచ్చి ఆవిడను ఎత్తుకుపోతాడు. ఇక దేవుళ్ల జుట్టు నెరిసి, నడుములు వంగిపోతాయి. ఆవిడ తిరిగొస్తేనే మళ్లీ బాగుపడతారు."

ఇడున్ ఎవరని అడగ్గానే చెయ్యెత్తాను. నాకప్పటికి యాభై దాటాయి. లాక్‌డౌన్‌లో జుట్టుకు రంగు మానేశాను. తల ముప్పాతిక తెలుపు.

కొత్తగా చేరిన విజయవాడ అమ్మాయి నవ్వాపుకుంటూ, "యౌవన దేవత కదా మేడమ్, ఆ ఒక్కరోజుకైనా రంగేసుకోండి" అంది.

"దేవుళ్లెలా ఉండాలో నా బుట్టలోని పళ్లు చూసుకుంటాయి. నేనెలా ఉండాలో నేను చూసుకుంటాను" అన్నాను.

గద్ద వేషం జగిత్యాల ఫోర్‌మన్‌ది. తీరా స్టేజీ ఎక్కాక ఆయన అట్టరెక్క ఒకటి ఊడిపడింది. నన్ను ఎత్తుకోవాల్సిన మనిషి సిగ్గుతో బిగుసుకుపోయాడు.

"మేడమ్, నాతోటి గాదు" అని గొణిగాడు.

"యల్లా, పద పద!" అంటూ ఆయన చెయ్యి పట్టుకుని నేనే తెరవెనక్కి లాక్కుపోయాను. ఒకటే ఈలలు.

తర్వాత పాతికేళ్ల దేవుళ్లు తలల నిండా పౌడరు చల్లుకుని, దగ్గుతూ తూలుతూ వచ్చారు. నేను బుట్టతో అడుగుపెట్టేసరికి ఈలలు ఆగిపోయాయి. పళ్లు అందుకున్నవాళ్లు ఒక్కొక్కరే నిటారుగా లేచారు. నా తెల్లజుట్టు చూసి ఎవరూ నవ్వలేదు. చప్పట్లు ఎక్కువ నాకే పడ్డాయి. ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

"మీరు తప్ప ఇంకెవరు వేసినా నప్పేది కాదండీ" అంది విజయవాడ అమ్మాయి. అవునన్నాను.

ఇంతలో ఫోర్‌మన్ వీడియో కాల్‌లో ఉన్న భార్యతో మాట్లాడమని ఫోన్ నా చేతికిచ్చాడు.

"అక్కా, మా ఆయన నిన్ను ఎత్కపోయిండట గదా?" అందామె.

"ఎక్కడమ్మా! నేనే మీ ఆయన్ని ఈడ్చుకెళ్లాను" అన్నాను.

అవతల ఆమె పగలబడి నవ్వింది. ఫోర్‌మన్ గబగబా ఫోన్ లాక్కున్నాడు.